పేరు లేని పనిముట్టు – చేసిందెవరు?

ఒక పాత స్క్రూ పానా మీ చేతికి వచ్చిందనుకోండి. బేతంచెర్లలో నాపరాతి బండలు కోసి నునుపు చేసే ఫ్యాక్టరీలు ఎన్నో ఉన్నాయి కదా! అలాంటి ఒక ఫ్యాక్టరీలో, పాత ఇనుప సామాను పడేసిన మూలలో దొరికిందనుకుందాం. తుప్పు గీకి చూశారు. కంపెనీ పేరు లేదు, ఊరి పేరు లేదు, నంబరైనా లేదు. దవడను జరిపే మర మాత్రం ఇంకా తిరుగుతోంది. మరి దీన్ని చేసిందెవరు?

పేరు లేకపోతే ఎలా చెబుతామని పక్కన పెట్టేయకండి. చేసినవాడు పేరు చెక్కకపోయినా, చేసిన పద్ధతి ఇనుము మీద మిగిలే ఉంటుంది. ముందు పిడి అంచును వేలితో తడిమి చూడండి. కరిగిన ఇనుమును ఇసుక అచ్చులో పోసి చేసిన పానాకు, అచ్చు రెండు సగాలూ కలిసిన చోట సన్నటి గీత ఉంటుంది. పైభాగం గరుకుగా ఉంటుంది. ఎర్రగా కాల్చిన ఉక్కును రెండు దిమ్మల మధ్య పెట్టి, యంత్రపు సమ్మెటతో కొట్టి చేసిన పానా అయితే, పక్కలకు పొంగిన ఉక్కును కత్తిరించి అరగదీసిన వెడల్పాటి పట్టీ కనిపిస్తుంది. ఆ తరువాత మరను చూడాలి. 1841లో బ్రిటన్‌లో జోసెఫ్ విట్‌వర్త్ మరల పళ్ళకు 55 డిగ్రీల కోణం నిర్ణయించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలు చాలన్నాడు. మర కొలిచే రేకులు మెకానిక్కుల దగ్గర ఉంటాయి. వాటిని ఆనించి చూస్తే ఇది ఏ కొలతల సంప్రదాయంలో పుట్టిందో తెలుస్తుంది. 55 డిగ్రీలు వచ్చినంత మాత్రాన ఇంగ్లండులోనే తయారైందని అనుకోకూడదు సుమా! అప్పటి మన దేశంలోనూ ఆ కొలతలే నడిచాయి.

ఇక రూపం. మర తిప్పి దవడ జరిపే పానాకు 1841లో అమెరికాలో లోరింగ్ కోస్ పేటెంటు పొందాడు. ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ 1842లో ఇంకో రకం చేశాడు. పచ్చిక కోసే యంత్రాన్ని కనిపెట్టింది కూడా ఈయనే. నేడు మనం ఎక్కువగా చూసే రూపం మాత్రం స్వీడన్ దేశస్థుడు యోహాన్ పెట్టర్ యోహాన్సన్ 1892 నాటికి తీర్చిదిద్దినది. మీ పానా ఆ రూపంలో ఉంటే, అది అంతకు ముందుది కాదని ధైర్యంగా చెప్పవచ్చు. కాని అక్కడితో ఆగాలి. పేటెంటు గడువు తీరాక ఆ రూపాన్ని ఎవరైనా చేయవచ్చు, చేశారు కూడా. అమెరికాలో క్రెసెంట్ కంపెనీ ఇలాంటివే చేసి అమ్మింది. కనుక రూపాన్ని బట్టి, ఫలానా కాలానికి ముందుది కాదని చెప్పగలం గాని, చేసినవారి పేరు చెప్పలేం.

మిగిలింది ఒక్కటే: అది దొరికిన చోటు. తేదీ వేసి ఉన్న ఒక పాత ఇంజనుతోపాటు వచ్చిన పెట్టెలోనే ఆ పానా ఉంటే, ఆ ఇంజనే దానికి సాక్షి. పెట్టెలోంచి తీసి పాత ఇనుప సామాను అంగడిలో వేశారంటే ఆ సాక్షి పోయినట్లే.

పానా సంగతి ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, సరిగ్గా ఇలాంటి చిక్కుముడే మీ ప్రాంతంలో ఇంకొకటి ఉంది. అందులోనూ పనిముట్లే. వాటి మీదా పేరు లేదు. పానా వయసు మహా అయితే నూరేళ్ళు ఉంటుందేమో. వీటిలో కొన్నింటి వయసు 75 వేల ఏళ్ళు దాటింది. వీటి విషయంలో కంపెనీ పేరు అడగడం లేదు. చేసినవాడు ఏ జాతి మనిషి అన్నదే ప్రశ్న.

బేతంచెర్లకు దక్షిణంగా, బనగానపల్లె దగ్గర, యాగంటికి చేరువలో జ్వాలాపురం అనే ఊరుంది. ఇది ఒకప్పుడు కర్నూలు జిల్లా. 2022 నుంచి నంద్యాల జిల్లా. జుర్రేరు అనే వాగు పారే ఆ లోయలో, ఎర్రమట్టి కింద తెల్లటి మెత్తని పొడి పొరలు పొరలుగా ఉంటుంది. ఊరివాళ్ళకు అది కొత్త కాదు. దాన్ని తవ్వి, గిన్నెలు తోమే పొడుల్లో కలపడానికి పంపేవారు. భూతద్దం కింద పెడితే ఆ పొడి మామూలు మట్టిలా కనిపించదు. పగిలిన బుడగల గోడల్లా వంపు తిరిగిన సన్నటి గాజు పెంకులు! గిన్నెల మీది జిడ్డు గీకడానికి అది పనికివచ్చేది ఆ గాజు పదును వల్లనే.

గాజు ఎక్కడిది? ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో తోబా అనే అగ్నిపర్వతం సుమారు 74 వేల ఏళ్ళ కిందట బద్దలయింది. ఆ పేలుడు మిగిల్చిన గోతిలో ఇప్పుడు దాదాపు 100 కిలోమీటర్ల పొడవైన సరస్సు ఉంది. గత ఇరవై లక్షల ఏళ్ళలో భూమి మీద జరిగిన అతి పెద్ద పేలుళ్ళలో అది ఒకటి. ఆకాశంలోకి లేచిన బూడిద బంగాళాఖాతం దాటి, సుమారు 2,600 కిలోమీటర్లు ప్రయాణించి ఈ లోయలో రాలింది. నేరుగా రాలిన పొర పలుచనిదే. వానలు చుట్టూ ఉన్న కొండల మీది బూడిదను కడిగి లోయ అడుగుకు చేర్చడంతో కొన్ని చోట్ల అది రెండు మీటర్లు దాటింది.

ఇది తోబా బూడిదే అని ఎలా తెలిసింది? ప్రతి అగ్నిపర్వతపు గాజులోనూ సిలికా, పొటాషియం, ఇనుము వంటివి ఒక ప్రత్యేకమైన పాళ్ళలో ఉంటాయి. వంటలో ఉప్పూ కారాల పాళ్ళు చూసి ఇది ఫలానా వాళ్ళింటి కూర అన్నట్లు, ఆ పాళ్ళను కొలిచి బూడిద ఏ కొండదో పోలుస్తారు. జ్వాలాపురం గాజు తోబా గాజుతో సరిపోయింది. బూడిద వయసును తోబా దగ్గర దొరికే స్ఫటికాలలో చేరిన ఆర్గాన్ వాయువును బట్టి కట్టారు.

అంటే ఏమన్నమాట? ఈ లోయ నేలలో ప్రకృతి ఒక తేదీ ముద్ర వేసి పెట్టింది. బూడిద కింద ఉన్నదంతా 74 వేల ఏళ్ళకు ముందుది. పైన ఉన్నది ఆ తరువాతది. పెట్టెలోని పానాకు ఇంజను ఎలాంటి సాక్షో, ఈ పొరల్లోని వస్తువులకు బూడిద అలాంటి సాక్షి.

ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయం ఆచార్యుడు రవి కొరిశెట్టర్, ఇంగ్లండు నుంచి మైకేల్ పెట్రాగ్లియా, వారి బృందం ఇక్కడ జాగ్రత్తగా తవ్వారు. బూడిద కింద రాతి పనిముట్లు దొరికాయి. బూడిద పైనా దొరికాయి. 2007లో 'సైన్స్' పత్రికలో ఈ సంగతి వెలువడగానే ప్రపంచమంతా జ్వాలాపురం పేరు చదివింది.

కింది పొర వయసును ఇసుక రేణువులే చెప్పాయి. ఈ పద్ధతి తెలుసుకోదగ్గది. మట్టిలో యురేనియం, థోరియం, పొటాషియం కొద్దిగా ఉంటాయి. వాటి కిరణాలు తగిలినప్పుడల్లా ఇసుకలోని స్ఫటికంలో కొన్ని ఎలక్ట్రానులు కదిలి, లోపలి సందుల్లో చిక్కుకుంటాయి. ఎండ తగిలితే ఆ సందులన్నీ ఖాళీ అయిపోతాయి. రేణువు మట్టిలో కప్పబడిందా, మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలు. అందుకే శాస్త్రజ్ఞులు గుంట గోడలోకి గొట్టాన్ని కొట్టి, వెలుగు తగలకుండా మట్టి తీస్తారు. మసక ఎర్ర దీపం ఉన్న గదిలో దాని మీద ఎంచుకున్న రంగు కాంతి పడేటట్లు చేస్తారు. చిక్కుకున్న ఎలక్ట్రానులు విడుదలై రేణువు మిణుకుమంటుంది. ఎంత మెరిస్తే చీకట్లో అంత కాలం ఉన్నట్లు. కింది పొరకు ఇలా వచ్చిన వయసు సుమారు 77 వేల ఏళ్ళు. ఆరు వేలు అటూ ఇటూ ఉండవచ్చునని వారే రాశారు.

సరే, కాలం తేలింది. ఇక చేసినవాడు.

అన్నిటికంటే ముందు, చేసినవాడంటూ ఒకడు ఉన్నాడా అన్నది తేల్చుకోవాలి. వాగులో దొర్లి పగిలిన రాయి కూడా పనిముట్టులా కనిపించవచ్చు. చెకుముకి వంటి రాయి అంచున ఒక్క దెబ్బ సరిగ్గా తగిలితే పెచ్చు లేస్తుంది. దెబ్బ పడిన చోట చిన్న ఉబ్బు, అక్కడి నుంచి గవ్వ మీది గీతల్లా అలలు కనబడతాయి. మందమైన సీసా అడుగు పగిలిన చోట ఇలాంటి అలలను మీరు చూసే ఉంటారు. వాగు దెబ్బలు ఎటు పడితే అటు పడతాయి. మనిషి దెబ్బలకు ఒక వరస ఉంటుంది. ముందు లేచిన పెచ్చు చేసిన గుంట, తరువాతి పెచ్చుకు దారి చూపుతుంది. ఆ గుంటల వరసను చదివి, ఏ దెబ్బ ముందో ఏది వెనకో చెప్పగలరు.

ఈ అనుమానం బేతంచెర్లలో పాతదే. ఊరికి దగ్గరలో ఉన్న బిల్లసర్గం గుహల్లో ఎముకలున్నాయని 1844లోనే కెప్టెన్ న్యూబోల్డ్ రాశాడు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో మన దేశపు పాత రాతియుగం పనిముట్టును మొదట గుర్తించిన రాబర్ట్ బ్రూస్ ఫుట్, 1884లో ఈ గుహల పని చేపట్టాడు. తవ్వకంలో ఆయన కొడుకు హెన్రీ ముఖ్యపాత్ర వహించాడు. ఎముకలు కుప్పలుగా దొరికాయి. ఒక గుహకు 'ఎముకలు దాచే ఇల్లు' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు పేరే పెట్టారు. ఆ ఎముకల్లో కొన్ని మనిషి చెక్కిన పనిముట్లని ఫుట్ భావించాడు. తరువాత వచ్చిన వారిలో కొందరికి అది అంత సులువుగా మింగుడు పడలేదు. ముళ్ళపంది ఎముకలు కొరుకుతుంది. దాని పళ్ళు పక్కపక్కనే వెడల్పాటి గాట్లు పెడతాయి. దుమ్ములగొండి నమిలిన ఎముక కూడా మొన దేరుతుంది. చేసినవాడు మనిషా, ముళ్ళపందా అని అడగవలసి వచ్చిందంటే, ఈ శాస్త్రం ఎంత మెలకువ కోరుతుందో ఊహించండి.

జ్వాలాపురం రాళ్ళకు ఆ అనుమానం లేదు. సున్నపురాయి, స్ఫటికశిల, చెకుముకి జాతి రాళ్ళను పద్ధతిగా చెక్కి పెచ్చులు తీశారు. పెచ్చులు తీయగా మిగిలిన దిమ్మలు కూడా దొరికాయి. వాటి నడుమ గీతలు పడిన జాజు ముక్క ఒకటి ఉంది. మన ఇళ్ళలో అరుగులకు, గడపలకు పూసే ఎర్ర జాజు లాంటిదే. ఎవరో దాన్ని దేనికో రుద్ది వాడారు.

ఎవరో అంటే ఎవరు? ఇక్కడే పండితులు రెండుగా చీలారు. ఆ కాలానికి ఆఫ్రికాలో మనలాంటి మనుషులు ఉన్నారు. ఐరోపాలో నియాండర్తల్ మనుషులు ఉన్నారు. ఆసియాలో ఇంకా వేరే జాతులూ ఉండేవి. మన దేశంలో ఎవరున్నారు? 1982లో నర్మదా తీరాన హథ్నోరాలో అరుణ్ సొనాకియాకు దొరికిన ఒక పుర్రె భాగం తప్ప, అంత పాత మనిషి ఎముకలు మన దేశంలో దాదాపు లేవు. అది మన జాతికి చెందినది కాదు.

జ్వాలాపురం బృందంలోని క్రిస్ క్లార్క్‌సన్ వంటివారు దిమ్మలను అన్ని వైపులా కొలిచారు. ఎన్ని పెచ్చులు తీశారు, ఏ కోణంలో కొట్టారు, తిప్పి తిప్పి కొట్టారా, ఒకే వైపు కొట్టారా అని లెక్క కట్టారు. ఆఫ్రికా, ఐరోపా, ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియాల దిమ్మలతో పోల్చారు. జ్వాలాపురం దిమ్మలు దక్షిణాఫ్రికాలో మన జాతి మనుషులు వదిలిన వాటికి దగ్గరగా వచ్చాయి. బూడిద పైనా కిందా పద్ధతిలో పెద్ద తేడా లేదు. కనుక తోబాకు ముందే మన జాతి ఇక్కడికి చేరింది, ఆ బూడిద వానను తట్టుకుని నిలిచింది అని వారి వాదన.

కేంబ్రిడ్జికి చెందిన పాల్ మెల్లర్స్, ఆయన మిత్రులు 2013లో దీన్ని కాదన్నారు. వారు జన్యువులను సాక్ష్యంగా తెచ్చారు. ఆఫ్రికా వెలుపల నేడున్న ప్రజలందరి మూలాలు, తోబా పేలిన చాలా కాలం తరువాత ఆఫ్రికా నుంచి బయలుదేరిన వారి దగ్గర కలుస్తున్నాయి. వారి వెంట వచ్చినవి సన్నటి చిన్న రాతి అలుగులు. జ్వాలాపురంలోనే మరొక రాతి గుహలో అటువంటి చిన్న పనిముట్లు, పూసలు, సుమారు 35 వేల ఏళ్ళ కిందటి నుంచి దొరుకుతున్నాయి. అవి మన జాతి పనే అనడంలో తగాదా లేదు. బూడిద కిందివి మాత్రం అంతకు ముందున్న వేరే జాతి చేసినవని మెల్లర్స్ వాదన.

ఇప్పుడు మళ్ళీ పానా రూపం సంగతి గుర్తు చేసుకోండి. ఒకే రూపాన్ని ఇద్దరు చేయవచ్చు కదా? రాతి పనిముట్లలోనూ అదే జరిగింది. పశ్చిమాసియాలో స్ఖుల్, కఫ్జే గుహల్లో మన జాతి ఎముకలున్నాయి. వాటికి ఎక్కువ దూరం లేని కెబారా గుహలో నియాండర్తల్ ఎముకలున్నాయి. పనిముట్లు చూస్తే రెండు చోట్లా ఒకే కోవవి! 2018లో శాంతి పప్పు బృందం ఇంకో సంగతి ప్రకటించింది. చెన్నైకి దగ్గరలో ఉన్న అత్తిరంపాక్కంలో, దిమ్మను ముందే తీర్చి కోరిన పెచ్చు లేపే పద్ధతి సుమారు 3,85,000 ఏళ్ళ కిందటే ఉంది. మన జాతి ఈ దేశంలో అడుగు పెట్టిందని ఎవరూ చెప్పని కాలం అది. ఇన్నాళ్ళూ ఆ పద్ధతి కనిపిస్తే కొత్త మనిషి వచ్చినట్లే అనుకున్నవారు ఉన్నారు. నా మటుకు నాకు, కొలతల వాదన కంటే అత్తిరంపాక్కం సాక్ష్యమే బరువైనదిగా తోస్తుంది. చెక్కిన తీరును చూసి చెక్కినవాడి జాతి చెప్పడం తొందరపాటే.

అయితే మెల్లర్స్ మాటే నెగ్గిందనడానికీ లేదు. 2020లో మధ్యప్రదేశ్‌లోని సోన్ లోయలో ఢాబా అనే చోట, సుమారు 80 వేల నుంచి 65 వేల ఏళ్ళ దాకా ఒకే రకం పనిముట్లు సాగాయని తేలింది. తోబా నడుమ వచ్చి పోయినా పని ఆగలేదు. ఇంకా తూర్పుకు వెళితే, లావోస్‌లోని టామ్ పా లింగ్ గుహలో మన జాతి ఎముకలే 68 వేల ఏళ్ళకు పైబడినవి ఉన్నాయని 2023లో ప్రకటించారు. ఆఫ్రికా నుంచి లావోస్‌కు నడిచి వెళ్ళినవారికి మన దేశం దారిలో పడకుండా ఉంటుందా? ఇక జన్యువుల మాటంటారా, అవి బతికి బట్టకట్టి సంతానం మిగిల్చిన వారి కథనే చెబుతాయి. ముందుగా వచ్చి, వంశం నిలవకుండా పోయినవారు ఉంటే వారి ఊసు మన రక్తంలో కనబడకపోవచ్చు. జాజు ముక్కను రుద్దిన ఆ చెయ్యి మన జాతిదే అయి ఉండి కూడా, మన పూర్వీకులది కాకపోవచ్చన్నమాట.

ఈ వివాదం తేలాలంటే రాళ్ళు చాలవు. ఎముక కావాలి, పన్నయినా చాలు. సైబీరియాలోని దెనిసోవా గుహలో 2008లో చిటికెన వేలి ఎముక ముక్క ఒకటి దొరికింది. 2010లో దాని జన్యువులు చదివేసరికి, అంతవరకు ఎవరూ ఎరుగని మానవ జాతి బయటపడింది. సైబీరియా చలి జన్యువులను కాపాడింది. మన ఎండల్లో అవి అంత కాలం నిలవడం కష్టం. పంటి పింగాణీ లోపలి ప్రోటీన్లు అంతకంటే గట్టివి. వేడి దేశాల్లో వాటి మీద ఆశ ఎక్కువ. పంటి ఆకారం చూసే నిపుణులకు కూడా చాలా సంగతులు తెలుస్తాయి.

జ్వాలాపురంలో బూడిద కింద అలాంటి పన్ను దొరకలేదు. ఆ స్థలం ఆరుబయట ఉంది. ఎముకలు అక్కడ కరిగిపోతాయి. పైగా బూడిద కోసం తవ్విన ప్రతి గుంటా తేదీ ముద్ర ఉన్న పొరను కొంత మేర ఎత్తుకుపోయింది. పొరతో పాటు కింది రాళ్ళూ కలిసిపోతే, అవి అంగడిలో పడేసిన పానా లాంటివే. మీరు ఆ ప్రాంతాల్లో తిరిగేటప్పుడు చెక్కిన రాయి కనబడితే తీసి జేబులో వేసుకోకండి. ఉన్న చోటనే ఉంచి ఫొటో తీసుకుని, స్థలం గుర్తు రాసుకుని, మీ సైన్సు మేష్టారి ద్వారా పురావస్తు శాఖకు తెలియజేయండి.

బిల్లసర్గం గుహల సంగతి వేరు. నాపరాళ్ళిచ్చే ఆ సున్నపురాయిలోంచే గుహల్లోకి నీరు ఊరుతుంది. ఆ నీటిలోని సున్నం ఎముకల మీద పేరుకుని వాటిని గట్టిపరుస్తుంది. ఫుట్ తవ్విన చోటికి మళ్ళీ వెళ్ళిన పాట్రిక్ రాబర్ట్స్, ఆయన సహచరులు 2014లో అక్కడి జంతువుల చరిత్రను సుమారు రెండు లక్షల ఏళ్ళ వెనక్కి చదివారు. అంత పాత ఎముక బేతంచెర్ల గుహల్లో నిలిచి ఉండగలిగిందంటే, తోబా నాటి మనిషి పన్ను కూడా నిలిచి ఉండే వీలుంది. దుమ్ములగొండి ఈడ్చుకొచ్చిన ఎముకల కుప్పలో, జింక పళ్ళ మధ్య, అది ఒక్కటి కనబడాలి.